చుక్క పడిన చోట వెతకొద్దు: ఇంజన్ ఆయిల్ లీకు మీద ప్రసంగం

(కొత్తగా పని నేర్చుకుంటున్న మెకానిక్‌ల కోసం ఇచ్చిన ప్రసంగం. రాలేకపోయినవాళ్లు చదువుకుంటారని రికార్డింగ్ విని టైపు చేసింది. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. ముందు వరసలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వెనక నిలబడ్డవాళ్లు వచ్చి కూర్చోండి. మాట్లాడాల్సింది చాలా ఉంది, కాళ్లు పీకుతాయి.

ఒక ప్రశ్న అడుగుతాను, జవాబు చెప్పండి. కారు తీసిన చోట నేల మీద నల్లటి మరక ఉంది. ఓనరు వచ్చి "ఆయిల్ లీకవుతోందండీ" అన్నాడు. మీరు కారు కిందకి దూరి చూశారు, చాంబర్, అంటే ఇంజన్ అడుగున ఆయిల్ నిలవుండే తొట్టి, అంతా తడిగా ఉంది. ఇప్పుడేం చేస్తారు? "చాంబర్ ప్యాకింగ్ వేస్తాం" అంటున్నారు అక్కడెవరో. ప్యాకింగ్ అంటే అతుకు కారకుండా మధ్యలో వేసే పట్టీ. సరే. వేశారు. వారం తిరక్కుండా అదే కారు, అదే మరక, అదే ఓనరు. ఈసారి కోపంగా వచ్చాడు. ఎందుకని?

ఎందుకంటే చాంబర్ ఇంజన్‌కి అట్టడుగున ఉంటుంది. పైన ఎక్కడ కారినా చివరికి తడిసేది చాంబరే. పెంకుటింట్లో వాన కారితే ఏం చేస్తాం? చినుకు పడిన చోటుకి నిట్టనిలువుగా పైనున్న పెంకు బాగానే ఉంటుంది. నీళ్లు ఎక్కడో దూలం దగ్గర దిగి, వాసం వెంట జారుకుంటూ వచ్చి ఇక్కడ పడతాయి. ఇంజన్ మీద ఆయిల్ కూడా అంతే, పైగా దీనికి గాలి కూడా తోడు. బండి పరిగెడుతుంటే ముందు నుంచి గాలి కొడుతుంది, రేడియేటర్ ఫ్యాన్ కొడుతుంది. అందుకని ఆయిల్ పై నుంచి కిందకి, ముందు నుంచి వెనక్కి పాకుతుంది. మీరు వెతకాల్సింది ఎక్కడ? తడి ఉన్నవాటిల్లో అన్నిటికంటే పైన, అన్నిటికంటే ముందు ఉన్న తడి. ఇది రాసుకోండి. పైన, ముందు. చుక్క పడిన చోట వెతకొద్దు.

దానికంటే ముందు ఇంకో మాట. అది అసలు ఇంజన్ ఆయిలేనా? నవ్వకండి. రాత్రి బండి కింద ఒక తెల్లటి అట్టముక్క పరచండి, ముందు చక్రాలు ఎక్కడున్నాయో దాని మీద గుర్తు పెట్టండి, పొద్దున తీసి చూడండి. గోధుమ రంగో నలుపో ఉండి, వేళ్ల మధ్య రుద్దితే జారుతుంటే ఇంజన్ ఆయిల్. ఎర్రగా ఉంటే ఆటోమేటిక్ గేరుబాక్సుదో, పవర్ స్టీరింగ్‌దో కావచ్చు. పచ్చగానో గులాబీ రంగులోనో నీళ్లలా ఉండి, తీపి వాసన వస్తే కూలెంట్. లేత పసుపు రంగులో ఉండి, చక్రం లోపలి వైపున కనిపిస్తే బ్రేక్ ఆయిల్. అదైతే బండి కదపొద్దు. ఘాటైన గంధకం వాసన వస్తే గేర్ ఆయిల్. రంగూ వాసనా ఏమీ లేకపోతే ఏసీ నీళ్లు, ఓనరుకి ధైర్యం చెప్పి పంపించేయండి.

ఇంజన్ ఆయిలే అని తేలింది. ఎంత పోతోంది? ఇక్కడ లెక్క కావాలి. బండి చదునుగా ఉన్న చోట పెట్టి, ఇంజన్ ఆపి, ఐదు పది నిమిషాలు ఆగండి. ఆయిల్ కిందకి దిగాలి కదా. అప్పుడు గేజ్, అంటే ఆయిల్ లెవెల్ కొలిచే పుల్ల, తీసి, తుడిచి, మళ్లీ పెట్టి, తీసి చూడండి. చాలా కార్లలో గేజ్ మీద కింది గీతకీ పై గీతకీ మధ్య తేడా లీటరు దగ్గరగా ఉంటుంది. గుర్తు పెట్టుకుని, 500 కిలోమీటర్లకి మళ్లీ చూడమని ఓనరుకి చెప్పండి. నేల మీద మరకను చూసి అంచనా వేయొద్దు. ఒక చుక్క ఆయిల్ అంటే మిల్లీలీటరులో ఇరవయ్యో వంతు అనుకోండి. రాత్రికి పది చుక్కలు పడితే అర మిల్లీలీటరు. నెలకి పదిహేను మిల్లీలీటర్లు, ఒక చిన్న మందు సీసా మూతంత. కానీ ఆ పది చుక్కలు నేల మీద అరచేయంత మరక చేస్తాయి, ఓనరు హడలిపోతాడు. దీనికి ఎదురు కూడా ఉంది. కొన్ని లీకులు ఇంజన్ ఆపితే ఒక్క చుక్క కారవు, ప్రెజర్ ఉన్నప్పుడు మాత్రం రోడ్డంతా చల్లుకుంటూ పోతాయి. నేల శుభ్రంగా ఉంటుంది, గేజ్ పడిపోతుంది. అందుకే మరకని కాదు, గేజ్‌ని నమ్మండి.

ఓనర్లకి ఇంకొకటి కూడా చెప్పండి. డాష్‌బోర్డు మీద ఆయిల్ డబ్బా బొమ్మతో ఎర్ర లైటు ఉంటుంది చూశారా, అది చాలా కార్లలో లెవెల్ లైటు కాదు, ప్రెజర్ లైటు. అది వెలిగేసరికి పంపు గాలి పీలుస్తోందని అర్థం. అప్పటికే బేరింగులు ఎండుతుంటాయి. "లైటు వెలిగాక చూద్దాంలే" అనేవాళ్లు ఇంజన్ బోరుకి, అంటే ఇంజన్ మొత్తం విప్పి చేయించడానికి, డబ్బు దాచుకుంటున్నట్టే.

సరే, ఇక వెతుకులాట. వెతుకులాటలో ముప్పాతిక భాగం కడగడమే. మన రోడ్ల దుమ్ముకి ఆయిల్ తగిలితే నల్లటి పొర కట్టేస్తుంది. ఆ పొర కింద ఏం కారుతోందో దేవుడికి కూడా కనపడదు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు డీగ్రీజర్ కొట్టండి. ఆల్టర్నేటర్, కాయిల్స్, కనెక్టర్లు, ఎయిర్ ఫిల్టర్ నోరు పాలిథిన్ కవర్లతో కట్టేయండి. బ్రష్షు పెట్టి రుద్దండి. నీళ్లు మెల్లగా పోయండి. వాటర్ సర్వీసు గన్ తెచ్చి దగ్గర్నుంచి కొట్టొద్దు, ఆయిల్ లీకుతో వచ్చిన బండి మిస్సింగ్‌తో, అంటే సిలిండర్ సరిగా మండక కుదుపులతో, వెళ్తుంది. కిరోసిన్ వాడేవాళ్లు ఇంకా ఉన్నారు, తెలుసు. రబ్బరు మీద ఉంచొద్దు, సైలెన్సరు దగ్గరకి పోనివ్వొద్దు, పూర్తిగా తుడిచి ఆరనిచ్చాకే స్టార్ట్ చేయండి.

ఆరాక అనుమానం ఉన్న చోట్ల టాల్కం పౌడర్ చల్లండి. అవును, మొహానికి రాసుకునే పౌడరే. పలచగా, సమంగా. పది పదిహేను నిమిషాలు ఇంజన్ నడిపి, వేడెక్కాక రెండు మూడు వేల ఆర్‌పీఎంలో కాసేపు ఉంచి, ఆపి, టార్చి వేసి చూడండి. తెల్లటి పొడి మీద ఆయిల్ గీత గీసినట్టు కనపడుతుంది. ఆ గీత పై కొసే మీ చిరునామా. లీకు సన్నగా ఉండి ఇలా దొరకలేదా? అప్పుడు యూవీ డై, అంటే యూవీ వెలుగులో మెరిసే రంగు. మామూలుగా 30 మిల్లీలీటర్ల సీసా నాలుగైదు లీటర్ల ఆయిల్‌కి సరిపోతుంది, అయినా సీసా మీది కొలతే చూసుకోండి. ఆయిల్‌లో పోసి, ఓనరుని రెండు మూడు రోజులు తిప్పమనండి. తర్వాత చీకట్లో యూవీ టార్చి వేస్తే, పసుపు అద్దాలు పెట్టుకుంటే, కారిన దారంతా పచ్చగా మెరుస్తుంది. డై పోసేటప్పుడు బయట ఒలికితే మాత్రం అదే మెరుస్తుంది, మీరే పోసిన లీకుని మీరే పట్టుకుంటారు. గరాటు వాడండి.

ఇప్పుడు అసలు ప్రశ్న. ప్యాకింగ్ ఎందుకు పోయింది? చోటు దొరగ్గానే స్పానర్ తీసేవాళ్లు చాలామంది, కారణం అడిగేవాళ్లు తక్కువ. పిస్టన్ రింగుల పక్కనుంచి కొంత గ్యాస్ ఎప్పుడూ కిందకి దిగుతూనే ఉంటుంది. కొత్త ఇంజన్లో కూడా దిగుతుంది. దాన్ని మళ్లీ ఇన్‌టేక్‌లోకి, అంటే ఇంజన్ గాలి పీల్చే దారిలోకి, లాగేసే దారి పీసీవీ వాల్వ్. అది జిడ్డుతో మూసుకుపోతే? గ్యాస్ ఎటు పోవాలి? లోపల ఒత్తిడి పెరిగి, ఏ సీలు బలహీనంగా ఉంటే దాన్నుంచి ఆయిల్‌ని నెట్టేస్తుంది. మీరు ఆ సీలు మారుస్తారు, నెలకి పక్క సీలు కారుతుంది. అది మారుస్తారు, ఇంకోటి. ఓనరు "వీళ్లకి పని రాదు" అంటాడు. అనడా మరి?

దీనికి పరీక్ష తేలిక. పెట్రోల్ ఇంజన్ ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా నడుస్తూ, ఉండగా ఆయిల్ పోసే మూత జాగ్రత్తగా తీసి, ఆ కంత మీద పల్చటి కాగితం పెట్టండి. కాస్త లోపలికి లాగాలి. లాగితే బాగున్నట్టు. ఎగరగొడితే లోపల ఒత్తిడి ఉన్నట్టు. మూత తీయగానే ఐడిల్ కొంచెం కొట్టుకుంటే కంగారు పడొద్దు, గాలి లోపలికి వెళ్తోంది కాబట్టి కొన్ని ఇంజన్లు అలాగే చేస్తాయి. తర్వాత పీసీవీ వాల్వ్ తీసి చెవి దగ్గర ఊపండి. చాలావాటిల్లో లోపలి పిన్ను టకటకమని ఆడాలి. ఆడకపోతే మార్చండి, ఖరీదు తక్కువ. దానికి వచ్చే పైపు లోపల అతుక్కుపోయిందేమో కూడా చూడండి. డీజిల్‌లో ఇన్‌టేక్ దగ్గర లోపలికి లాగే వాక్యూమ్ దాదాపు ఉండదు కాబట్టి కాస్త పొగలా ఊదడం మామూలే. కానీ మూత వదులుగా పెడితే ఎగిరెగిరి పడుతుంటే, గేజ్ దానంతటదే పైకి తన్నుకొస్తుంటే, బ్రీతర్, అంటే లోపలి గ్యాస్ బయటికి పోయే గొట్టం, చూడండి. బ్రీతర్ బాగుంటే కంప్రెషన్ చూడండి. రింగులే పోయి ఉంటే ఎన్ని ప్యాకింగులు వేసినా దండగ.

ఇంకో కారణం అధికంగా పోయడం. పై గీత దాటి పోస్తే, కింద తిరిగే ఇరుసు, అంటే క్రాంక్ షాఫ్ట్, ఆయిల్‌ని చిలికేస్తుంది, నురగొస్తుంది, బ్రీతర్ గుండా ఇన్‌టేక్‌లోకి పోతుంది. లీకు అని వచ్చిన బండిలో ముందు లెవెల్ చూడండి. ఎక్కువుంటే తీసేయండి.

ఇక పై నుంచి కిందకి ఒక్కో చోటూ చూసుకుంటూ వద్దాం. పైన మొదట మూత. మూత కింద రబ్బరు రింగు గట్టిపడిందా? మారిస్తే అయిపోయే పని. దాని తర్వాత ట్యాపెట్ కవర్, అంటే వాల్వుల మీద ఉండే పెద్ద కవరు. ఇక్కడ కాస్త ఆగుదాం, ఎందుకంటే ఎక్కువ కేసులు ఇవే.

ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ రబ్బరు. ఏళ్ల తరబడి వేడికి కాలి గట్టిపడిపోతుంది, సాగే గుణం పోతుంది. కారిన ఆయిల్ ఎగ్జాస్ట్ మానిఫోల్డ్, అంటే వేడి పొగ బయటికి పోయే గొట్టాల మీద పడుతుంది. సిగ్నల్ దగ్గర ఆగితే మాడు వాసన, బానెట్ సందుల్లోంచి పొగ. దాన్ని వదిలేయొద్దు, నిప్పు అంటుకునే అవకాశం ఉంది. లోపలి వైపు కారితే ప్లగ్గు గుంతలోకి దిగుతుంది. కాయిల్ తీస్తే దాని రబ్బరు ఆయిల్‌తో ఉబ్బి ఉంటుంది, మిస్సింగ్ వస్తుంటుంది. అప్పుడు ప్లగ్గు గబుక్కున విప్పొద్దు! గుంతలోని ఆయిల్ మొత్తం సిలిండర్లోకి పోతుంది. ముందు సిరంజితో లాగేసి, గుడ్డతో అద్ది, అప్పుడు విప్పండి. ప్లగ్గు గుంతల సీళ్లు విడిగా వచ్చే ఇంజన్లలో అవి కూడా అప్పుడే వేసేయండి.

కారుతోంది కదా అని బోల్టులు బిగించేస్తుంటారు కొందరు. అవి 10 నంబరు తలకాయ ఉన్న సన్న బోల్టులు. చాలా చిన్న ఇంజన్లలో వాటికి 8 నుంచి 11 న్యూటన్ మీటర్లే పెట్టాలి. గట్టిపడ్డ రబ్బరుని ఎంత నొక్కినా మెత్తబడదు. కవర్ ప్లాస్టిక్‌దైతే పగులుతుంది, హెడ్ అల్యూమినియం కాబట్టి మరలు ఊడొస్తాయి. కొత్త ప్యాకింగ్ వేసేటప్పుడు గాడి పూర్తిగా శుభ్రం చేసి, మధ్య నుంచి చివరలకి, రెండు మూడు విడతల్లో బిగించండి. చుట్టూ సీలెంట్ పూయొద్దు. పూయాల్సిన చోట్లు రెండు మూడే: టైమింగ్ కవర్ వచ్చి హెడ్‌కి కలిసే అతుకు, క్యామ్ షాఫ్ట్ (వాల్వులని తెరిచే ఇరుసు) క్యాప్ మూలలు, అర్ధచంద్రాకారంలో ఉండే రబ్బరు ప్లగ్గుల కొసలు. అక్కడ పెసరగింజంత లిక్విడ్ గ్యాస్కెట్, అంటే ట్యూబులో వచ్చే సీలెంట్, పెట్టండి. ప్యాకింగ్ కొత్తది వేసినా కారుతోందని వచ్చే బండ్లలో చూడండి, ఈ అతుకు దగ్గరే వదిలేసి ఉంటారు.

కిందకి వస్తే ఆయిల్ ప్రెజర్ స్విచ్. చిన్న వస్తువు, చాలా మోసం చేస్తుంది. దీని లోపలి పొర పోతే ఆయిల్ కనెక్టర్‌లోకే వస్తుంది. కనెక్టర్ పీకి చూడండి, లోపల ఆయిల్ ఉంటే స్విచ్ మార్చండి. థ్రెడ్ సీలెంట్ పలచగా, మొదటి రెండు మరలు వదిలి పూయండి, లేకపోతే అది రాలి కంతకి అడ్డం పడుతుంది. టెఫ్లాన్ టేపు దట్టంగా చుట్టొద్దు. ఒకే వైరు ఉన్న స్విచ్‌కి ఎర్తింగ్ దాని బాడీ నుంచే కదా, టేపు దానికి అడ్డం పడుతుంది. మెల్లగా బిగించండి, సన్నటి మర అది.

ఫిల్టర్ సంగతి మీకు తెలుసు. తెలిసినా చెప్తాను. పాతది విప్పాక దాని రబ్బరు రింగు దానితోనే వచ్చిందా, ఇంజన్‌కే అతుక్కుందా చూడండి. అతుక్కున్న దాని మీద కొత్త ఫిల్టర్ ఎక్కిస్తే రెండు రింగులవుతాయి. స్టార్ట్ చేసినప్పుడు కారకపోవచ్చు. ప్రెజర్ పెరిగాక ఆ రింగు జారి, నిమిషాల్లో ఆయిల్ మొత్తం రోడ్డు పాలవుతుంది. కొత్త రింగుకి కొంచెం కొత్త ఆయిల్ రాసి, తగిలేదాకా తిప్పి, అక్కణ్నుంచి చేత్తో ముప్పావు చుట్టు. పానా పెట్టొద్దు.

ముందువైపు క్రాంక్ పుల్లీ వెనక ఆయిల్ సీల్ ఉంటుంది. అది పోతే పుల్లీ చుట్టూ వలయంలా చిమ్మిన గుర్తు కనపడుతుంది. టైమింగ్ బెల్టు ఉన్న ఇంజన్లయితే అశ్రద్ధ చేయొద్దు, ఆయిల్ తగిలిన బెల్టు ఉబ్బి తెగితే, చాలా ఇంజన్లలో వాల్వులు పిస్టన్లకి కొట్టుకుంటాయి. సీలు తీసేటప్పుడు షాఫ్ట్ మీద గీత పడనివ్వకండి. పెట్టేటప్పుడు స్ప్రింగ్ ఉన్న వైపు ఆయిల్ వైపు ఉండాలి, పెదవికి ఆయిల్ రాయాలి. అయితే పీటీఎఫ్‌ఈ (టెఫ్లాన్) సీళ్లు వేరు, వాటిని పొడిగానే పెట్టాలి. ప్యాకెట్ మీద రాసి ఉంటుంది, చదవండి. షాఫ్ట్ మీద పాత సీలు గాడి చేసి ఉంటే కొత్త సీలు ఒకటి రెండు మిల్లీమీటర్లు లోపలికో బయటికో కూర్చోబెట్టండి, లేదా పల్చటి స్లీవ్ ఎక్కించండి.

ఇప్పుడు చాంబర్. చివరికి వచ్చాం చాంబర్ దగ్గరికి, గమనించారా? మారుతి కే-సిరీస్ లాంటి ఇంజన్లలో చాంబర్‌కి కత్తిరించిన ప్యాకింగ్ ఉండదు, లిక్విడ్ గ్యాస్కెట్టే. పని సీలెంట్‌లో లేదు, శుభ్రం చేయడంలో ఉంది. పాత సీలెంట్‌ని ప్లాస్టిక్ చెక్కతో గీయండి. గ్రైండరుకి ఎమరీ డిస్కు పెట్టి రుద్దొద్దు. ఆ గరుకు పొడి ఇంజన్లోకి పోతే బేరింగుల్ని తినేస్తుంది. రెండు ముఖాలూ బ్రేక్ క్లీనర్‌తో తుడిచి, బ్లాక్ నుంచి ఆయిల్ చుక్కలు రావడం ఆగేదాకా ఆగండి. మూడు మిల్లీమీటర్ల మందాన సీలెంట్ దారంలా, తెగకుండా, బోల్టు కంతలకి లోపలి వైపు నుంచి పోవాలి. ఎక్కువ పూస్తే మంచిది కాదా అంటారు. కాదు. ఎక్కువైనది బయటకి ఎంత వస్తుందో లోపలికీ అంతే వస్తుంది. లోపల ఊడి, పంపు జల్లెడకి అడ్డం పడుతుంది. లీకు ఆగుతుంది, ఇంజన్ కూడా ఆగుతుంది. పూశాక ఐదు నిమిషాల్లో చాంబర్ ఎక్కించేయాలి, పైన చర్మం కట్టక ముందే. తర్వాత ఆయిల్ పోయడానికి ట్యూబు మీద రాసినంత సేపు ఆగండి. గంట కంటే తక్కువ ఎప్పుడూ వద్దు, రాత్రంతా వదిలితే ఇంకా నయం. "సాయంత్రానికి బండి కావాలి" అని ఓనరు తొందర పెడితే, పొద్దున్నే ఇస్తానని చెప్పండి.

డ్రెయిన్ నట్టు వాషర్ ప్రతిసారీ కొత్తది వేయండి. చిన్న పెట్రోల్ కార్లలో చాలావాటికి 30, 40 న్యూటన్ మీటర్ల మధ్య సరిపోతుంది, మాన్యువల్ చూసుకోండి. మర పోయిన చాంబర్‌కి పెద్ద నట్టు కొట్టి దించే కంటే, లేత్ షాపులో థ్రెడ్ ఇన్సర్ట్ వేయించండి. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల అది చిన్న పని.

మిగిలింది వెనక సీల్. ఇంజన్‌కీ గేరుబాక్సుకీ మధ్య బెల్ హౌసింగ్ కింద చుక్క పడితే అందరూ "రియర్ సీల్" అనేస్తారు. గేరుబాక్సు దించాలి, లేబరు ఎక్కువ. దించే ముందు మూడు విషయాలు తేల్చుకోండి. వాసన చూడండి, గేర్ ఆయిలైతే అది గేరుబాక్సు ఇన్‌పుట్ షాఫ్ట్ సీల్. ట్యాపెట్ కవర్ వెనక మూల, క్యామ్ చివర ప్లగ్గు, ప్రెజర్ స్విచ్ చూడండి, అక్కడ కారింది బ్లాక్ వెనక గోడ వెంట దిగి సరిగ్గా ఇక్కడికే వస్తుంది. పీసీవీ చూడండి. మూడూ బాగున్నాయా? అప్పుడు దించండి. దించాక సీలు ఒక్కటే మార్చి ఎక్కించేయొద్దు. సీలు కూర్చునే రిటైనర్ అతుకు కారుతోందేమో, ఫ్లైవీల్ బోల్టు కంతలు లోపలికి తెరుచుకుని ఉన్నాయేమో చూడండి. ఉంటే ఆ బోల్టులకి థ్రెడ్ సీలెంట్ కావాలి. క్లచ్ ప్లేటుకి ఆయిల్ అంటితే కడిగి వేయొద్దు, మార్చండి. ఇన్‌పుట్ షాఫ్ట్ సీలు, రిలీజ్ బేరింగు కూడా ఓనరుకి చూపించి అడగండి, మళ్లీ దించాల్సిన పని లేకుండా.

అక్కడ చెయ్యెత్తారు, చెప్పండి. లీకు ఆపే మందు, సీసాలో వస్తుంది కదా, పోయొచ్చా అంటున్నారు. అది రబ్బరుని మెత్తబరిచి ఉబ్బిస్తుంది. గట్టిపడిన సీలు మీద కొన్నాళ్లు పనిచేయవచ్చు. చిరిగిన సీలుకి, లిక్విడ్ గ్యాస్కెట్ అతుకుకి, డ్రెయిన్ నట్టుకి పనిచేయదు. గేరుబాక్సు దించే ఖర్చు పెట్టలేని పాత బండికి, ఓనరుకి చెప్పి పోయండి, చెప్పకుండా పోయొద్దు. చిక్కటి ఆయిల్ పోస్తే ఆగదా అని ఇంకొకరు. పలచటి 0డబ్ల్యూ-20 ఆయిల్ అడిగే ఇంజన్లో చిక్కటి 20డబ్ల్యూ-50 పోస్తే లీకు కాస్త తగ్గినట్టు కనపడుతుంది, కానీ పొద్దున స్టార్ట్ చేసినప్పుడు పైకి ఎక్కడం ఆలస్యమవుతుంది, వాల్వ్ టైమింగ్ మార్చే భాగాలు మొరాయిస్తాయి. వద్దు.

చెమ్మ మాత్రమే ఉండి చుక్క పడకపోతే ఏం చేయాలి అంటున్నారు అమ్మాయి. మంచి ప్రశ్న. ఎగ్జాస్ట్ మీద, బెల్టు మీద, ఆల్టర్నేటర్ మీద, ఇంజన్ మౌంటు రబ్బరు మీద పడకపోతే వదిలేయొచ్చు. తుడిచి, కిలోమీటర్లు రాసి పెట్టి, తర్వాతి సర్వీసులో చూడండి. పని చేసిన బండికి మాత్రం ఇలా చేయండి: పావుగంట ఐడిల్‌లో చూసి, ఒక రౌండు తిప్పి మళ్లీ చూసి, లెవెల్ చూసి ఇవ్వండి. 500 కిలోమీటర్లకి ఒకసారి ఉచితంగా చూపించుకోమనండి. తీసిన పాత ఆయిల్ కాలవలో పోయకండి, 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం అది కూడా ప్రమాదకర వ్యర్థమే. డబ్బాలో పట్టి, అనుమతి ఉన్న రీసైక్లర్లకే ఇవ్వాలి. ఇక ర్యాంపు మీద బండి ఎక్కించి ఉంచారు, పౌడర్ డబ్బా కూడా ఉంది. పదండి, లీకు ఎక్కడుందో మీరే చెప్పండి.